పండగ పూట పరాయి ఊళ్లో: పల్సానాలో క్రిస్మస్ ఒంటరితనం ఎందుకు బరువవుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది?

డిసెంబర్ 24 రాత్రి. మెదక్‌లోనో, దోర్నకల్‌లోనో, ఒంగోలులోనో క్రైస్తవ కుటుంబాల ఇళ్ల ముందు కాగితపు నక్షత్రాలు వెలుగుతుంటాయి. వంటింట్లో అరిసెల పాకం వాసన. క్యారల్స్ బృందం ఏ వేళకు తలుపు తడుతుందోనని పిల్లలు నిద్ర ఆపుకుని కూర్చుంటారు.

అదే రాత్రి గుజరాత్‌లోని సూరత్ జిల్లా పల్సానాలో, బట్టలకు రంగులద్దే మిల్లుల్లో షిఫ్టు మారుతుంది. పగటి పనివాళ్లు గదులకు వెళ్తారు, రాత్రి పనివాళ్లు లోపలికి వస్తారు. ఆ వచ్చేవాళ్లలో ఒక తెలుగు క్రైస్తవ యువకుడు ఉన్నాడనుకోండి. ఆ రాత్రి అతనికి పండగని పక్కన పనిచేసేవాళ్లకు తెలిసే అవకాశం తక్కువ. విరామంలో ఇంటికి ఫోన్ చేసి, "ఇక్కడ బాగానే ఉంది, బిర్యానీ తిన్నాం" అని అబద్ధం చెప్పే అవకాశం ఎక్కువ.

పండగ రోజు ఒంటరిగా గడపడం పల్సానాకే పరిమితమైన సమస్య కాదు. దుబాయ్‌లో, డాలస్‌లో, బెంగళూరు పీజీ హాస్టళ్లలో కూడా ఉన్నదే. అయితే ఆ ఒంటరితనం ఎలా పుడుతుందో, దేనితో తగ్గుతుందో పల్సానా లాంటి చోట స్పష్టంగా కనిపిస్తుంది. కారణం, అక్కడ మనుషులకు కొరత లేదు. కొరత మరొకటి.

పల్సానా క్యాలెండర్‌లో డిసెంబర్ 25

సూరత్ నగరానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, 48, 53 నంబరు జాతీయ రహదారులు కలిసే చోట పల్సానా ఉంది. పల్సానా, కడోదరా చుట్టుపక్కల డైయింగ్, ప్రింటింగ్ మిల్లులు, మరమగ్గాల షెడ్లు వరుసగా కనిపిస్తాయి. పనివాళ్లు ఒడిశా, ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్రల నుంచి వస్తారు. తెలుగువాళ్లూ ఉన్నారు.

సూరత్‌తో తెలుగువారి బంధం పాతది. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల చేనేత కుటుంబాలు మగ్గం పని తగ్గిపోయాక సాంచాల మీద బతుకు వెతుక్కుంటూ దశాబ్దాల కిందటే అక్కడికి చేరాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడిపిందంటే వాళ్ల సంఖ్య ఏపాటిదో ఊహించవచ్చు. వాళ్లలో ఎక్కువమంది పద్మశాలీలు. బతుకమ్మ, దసరా వస్తే కలుసుకోవడానికి వాళ్లకు సంఘాలున్నాయి, గుళ్లున్నాయి. తెలుగు క్రైస్తవుడికి ఆ ఆసరా అంత సులువుగా దొరకదు. గుజరాత్‌లో క్రైస్తవులే తక్కువ. 2011 జనగణన ప్రకారం ఆరు కోట్లకు పైగా ఉన్న రాష్ట్ర జనాభాలో వాళ్లు సుమారు 3.16 లక్షలు, అంటే అర శాతం.

దీనికి సెలవుల లెక్క తోడవుతుంది. సూరత్ బట్టల వ్యాపారం దీపావళికి ఆగుతుంది. లాభ్ పంచమ్ నాడు మార్కెట్లు మళ్లీ తెరుచుకుంటాయి. చాలా షెడ్లు అంతకంటే ఎక్కువ రోజులే మూసి ఉంటాయి. సొంతూళ్లకు వెళ్లేవాళ్లు అప్పుడే వెళ్లి వస్తారు. ఆ తర్వాత ఊరంతా ఆగేది జనవరి 14న, గాలిపటాల పండగ ఉత్తరాయణ్‌కి. క్రిస్మస్ ఈ రెండింటి మధ్య పడుతుంది. ఆ రోజు బ్యాంకులకు, ప్రభుత్వ కార్యాలయాలకు సెలవే. మిల్లు నడవాలా వద్దా అన్నది మాత్రం ఆర్డర్లను బట్టి, యజమానిని బట్టి ఉంటుంది.

ఒకవేళ ఆ ఒక్క రోజు సెలవు దొరికినా ఇల్లు అందదు. అహ్మదాబాద్ నుంచి చెన్నై వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్ మీదుగా వరంగల్, ఖమ్మం, విజయవాడ, ఒంగోలు దాటి వెళ్తుంది. సూరత్‌లో ఎక్కితే వరంగల్ చేరడానికే ఒక రోజులో చాలా భాగం గడుస్తుంది. రానూ పోనూ లెక్కేస్తే ఒక్క పూట పండగకు కనీసం మూడు నాలుగు రోజుల కూలి పోతుంది, టికెట్ ఖర్చు వేరే. ఆ రైలు నడిచే ఉధ్నా–జల్గావ్ మార్గం పల్సానా తాలూకా గుండానే పోతుంది. ఊరికి వెళ్లే బండి రోజూ ఆ పక్కనుంచే వెళ్తుంటే, ఎక్కలేని మనిషి అక్కడే ఉండిపోతాడు.

గదిలో పదిమంది, అయినా ఒంటరే

వలస కార్మికుడు ఒంటరిగా ఉన్నాడంటే కొందరికి నమ్మకం కలగదు. సూరత్ చుట్టుపక్కల మరమగ్గాల కార్మికులు ఉండే మెస్‌లలో ఒకే హాల్లో పదుల మంది పడుకుంటారు. పగటి షిఫ్టువాళ్లు లేచిన చోటే రాత్రి షిఫ్టువాళ్లు నడుం వాలుస్తారు. ఒక్క నిమిషం ఏకాంతం దొరకని చోట ఒంటరితనం ఏమిటి?

ఏకాంతం, ఒంటరితనం ఒకటి కావు. ఏకాంతం మనిషి కోరుకునేది, ఒంటరితనం వచ్చి మీద పడేది. మనస్తత్వ శాస్త్రంలో ఒంటరితనానికి ఎక్కువగా వాడే నిర్వచనం కూడా చుట్టూ ఎంతమంది ఉన్నారని అడగదు. మనకు కావాల్సిన బంధాలకూ, ఉన్న బంధాలకూ మధ్య ఉన్న తేడానే ఒంటరితనం అంటుంది. "ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదు" అన్న సామెత చెప్పేది ఇంచుమించు ఇదే.

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ 1973లో ఒంటరితనాన్ని రెండు రకాలుగా విడదీశారు. ఒకటి, మనసు విప్పి మాట్లాడుకునే దగ్గరి మనిషి లేకపోవడం. రెండోది, మనదీ అనుకునే గుంపు లేకపోవడం. ఒకదాని లోటు రెండోదానితో తీరదని ఆయన వాదన. భార్యకు దూరమైన మనిషిని పదిమంది స్నేహితుల మధ్య కూర్చోబెట్టినా ఆ వెలితి అలాగే ఉంటుంది. ఫోన్‌లో రోజూ అమ్మతో మాట్లాడే కుర్రాడికి కూడా తన పండగను తనలాగే జరుపుకునే నలుగురు లేకపోతే వెలితిగానే ఉంటుంది.

ఈ తేడా తెలిస్తే పండగ పూట ఏం చేయాలో తేల్చుకోవడం సులువవుతుంది. "నాకు ఎవరూ లేరు" అనుకునే ముందు, లేనిది ఏమిటి అని అడగాలి. మనిషా, గుంపా? మనిషైతే ఫోన్ కొంత తీరుస్తుంది. గుంపైతే గది దాటి వెళ్లాల్సిందే.

పండగ రోజే ఎందుకు గుచ్చుకుంటుంది?

నవంబర్‌లోనూ అదే గది, అదే షిఫ్టు, అవే ముఖాలు. అప్పుడు లేని బాధ డిసెంబర్ 24 రాత్రి ఎక్కడి నుంచి వస్తుంది?

పండగంటే తిండి, బట్టలు మాత్రమే కాదు, ఎదురుచూపులు కూడా. ఎవరు ఎప్పుడొస్తారో, ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ప్రార్థనలో ఏ కీర్తన ఎవరు ఎత్తుకుంటారో అందరికీ ముందే తెలుసు. ఆ వరుసలో ప్రతి ఒక్కరికీ ఒక చోటుంటుంది. ఊళ్లో ఆ రాత్రి మన కోసం చూసే కళ్లు ఉంటాయి. పరాయి ఊళ్లో మనం ఏ వేళకు వచ్చినా, రాకపోయినా అడిగేవాళ్లుండరు. గుచ్చుకునేది ఇదే. పండగ లేకపోవడం కంటే, మన కోసం ఎవరూ ఎదురుచూడకపోవడం ఎక్కువ బాధ పెడుతుంది.

ఇంటి మీదికి మనసు మళ్లడం బలహీనత అని కొట్టిపారేసేవాళ్లు 2020ని గుర్తు చేసుకోవాలి. కోవిడ్ లాక్‌డౌన్‌లో, మే 4న, పల్సానా తాలూకాలో కడోదరా దగ్గరి వరేలీ వద్ద వలస కార్మికులు తమను సొంతూళ్లకు పంపాలంటూ రోడ్డెక్కారు. పోలీసులు బాష్పవాయువు ప్రయోగించే దాకా వెళ్లింది. పని పోయింది, డబ్బు అయిపోయింది, నిజమే. అలాంటి కష్టంలో మనిషి మొదట చూసేది తన వాళ్ల వైపే.

షికాగో విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు ఒంటరితనాన్ని అధ్యయనం చేసిన జాన్ కాచియొప్పో దాన్ని ఆకలి, దాహాలతో పోల్చారు. ఆకలి తిండి వెతుక్కోమని చెప్పినట్టే, ఒంటరితనం మనుషుల్ని వెతుక్కోమని శరీరం పంపే కబురు. కాబట్టి అది సిగ్గుపడాల్సిన విషయం కాదు. కానీ ఇక్కడ ఒక చిక్కుంది. ఆకలి వేసినవాడు తిండి వైపు నడుస్తాడు. ఒంటరితనం ముదిరినవాడు మాత్రం మనుషుల నుంచి ఇంకా దూరం జరుగుతాడు. ఎదుటివాళ్ల మాటల్లో చిన్నచూపు వెతుకుతాడు, పిలవరేమోనని ముందే ముఖం చాటేస్తాడు. పిలిచినవాళ్లు రెండుసార్లు చూసి మానేస్తారు. "చూశావా, నన్నెవరూ పట్టించుకోరు" అన్న అనుమానం నిజమైనట్టు కనిపిస్తుంది.

ఈ వలయం తెంచడమే అసలు పని. ఒంటరితనాన్ని తగ్గించే ప్రయత్నాలపై వచ్చిన అధ్యయనాలను 2011లో కాచియొప్పో సహచరులు కలిపి పరిశీలించారు. మనుషుల్ని ఒకచోట చేర్చడం కంటే, ఎదుటివాళ్ల గురించి మనసులో పాతుకుపోయిన ఈ అనుమానాలను సరిచేసే పద్ధతులే మెరుగ్గా పనిచేసినట్టు తేలింది.

ఒక అపోహ

క్రిస్మస్ సమయంలో ఆత్మహత్యలు పెరుగుతాయన్న మాట పాశ్చాత్య మీడియాలో తరచూ వినిపిస్తుంది. అక్కడి నుంచి మన దగ్గరికీ వచ్చింది. అమెరికా గణాంకాలు దీన్ని బలపరచడం లేదు. అక్కడ ఏడాదిలో రోజువారీ ఆత్మహత్యల రేటు తక్కువగా ఉండే నెలల్లో డిసెంబర్ ఒకటి. పండగ పూట దిగులు మామూలేనని, అది చాలామందికి వచ్చి పోయేదేనని తెలిస్తే కొంత ధైర్యం వస్తుంది. అలాగని దీర్ఘకాలపు ఒంటరితనాన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ప్రపంచవ్యాప్తంగా ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోందని, ఏటా 8.71 లక్షలకు పైగా మరణాలతో దానికి సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2025 జూన్‌లో విడుదల చేసిన నివేదికలో అంచనా వేసింది. ఒక్క రాత్రి దిగులుకు అంత భయపడనక్కర్లేదు. నెలల తరబడి అలాగే ఉంటే మాత్రం ఆగి ఆలోచించాలి.

వారం ముందు చేయాల్సినవి

పండగ రోజు పొద్దున లేచి "ఇవాళ ఏం చేయాలి" అని ఆలోచించేసరికి ఆలస్యమైపోతుంది. దిగులు కమ్మిన మనసుకు ఏ పనీ చేయాలనిపించదు. నిర్ణయాలు ముందే అయిపోవాలి.

మొదటిది షిఫ్టు. బట్టల మిల్లుల్లో ఒకరి బదులు ఒకరు పనిచేసే బద్లీ పద్ధతి పాతదే. హోలీకో, ఛఠ్‌కో తోటి కార్మికుడి షిఫ్టు మీద వేసుకున్నవాడు క్రిస్మస్‌కి తిరిగి అడగొచ్చు. ఇంతవరకు అలాంటి ఒప్పందం లేకపోతే ఈసారి మొదలుపెట్టొచ్చు: "25న నువ్వు చూసుకో, ఉత్తరాయణ్‌కి నేను చూసుకుంటా." సూపర్‌వైజర్‌కు నాలుగు రోజుల ముందే చెబితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. రోజంతా దొరక్కపోయినా, 24 రాత్రో 25 పొద్దునో నాలుగైదు గంటలు దొరికితే చాలు.

రెండోది, ఎక్కడికి వెళ్లాలన్నది. గుజరాతీలో క్రిస్మస్‌ను "నాతాల్" అంటారు. పోర్చుగీసు మాట నుంచి వచ్చింది. నాతాల్ ప్రార్థన ఎక్కడ, ఎన్ని గంటలకు అని అడిగితే ఆటో డ్రైవర్ కూడా దారి చెప్పొచ్చు. సూరత్‌లో చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియా ఆరాధనలు, కేథలిక్ చర్చిలు ఉన్నాయి. 53వ నంబరు రహదారి మీద తూర్పుగా వెళ్తే సర్దార్ పటేల్ 1928 సత్యాగ్రహంతో పేరుపడ్డ బార్డోలీ, అది దాటితే తాపీ జిల్లా కేంద్రం వ్యారా వస్తాయి. ఆ వైపు ఆదివాసీ గ్రామాల్లో క్రైస్తవ కుటుంబాలున్నాయి. భాష వేరు, రాగం వేరు. అయినా ఏ వాక్యం చదువుతున్నారో, ఎప్పుడు లేచి నిలబడాలో అక్కడికి వెళ్లిన తెలుగు మనిషికి తెలుసు. వైస్ చెప్పిన రెండో రకం వెలితి, గుంపు లేని వెలితి, అలాంటి చోట కొంతైనా తీరుతుంది. పండగకు ముందు వచ్చే ఆదివారమే ఒకసారి వెళ్లి ముఖపరిచయం చేసుకుంటే, 25న "రాలేదేంటి" అని అడిగే మనిషి ఒకరైనా ఉంటారు.

మూడోది, ఒక ఫోన్ నంబర్. చాలాకాలంగా మాట్లాడని స్నేహితుడికో, బంధువుకో ఫోన్ చేయడానికి మొహమాటం అడ్డొస్తుంది. ఇన్నాళ్లకు గుర్తొచ్చామా అనుకుంటారేమోనన్న భయం. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన పెగ్గీ లియూ బృందం 2022లో ప్రచురించిన పరిశోధన దీనికి ఎదురు చెబుతుంది. పలకరింపు అందుకున్నవాళ్లు ఎంత సంతోషిస్తారో, పలకరించేవాళ్లు దాన్ని తక్కువగా అంచనా వేస్తున్నారని అందులో తేలింది. అనుకోని ఫోన్ అయితే ఆ సంతోషం ఇంకా ఎక్కువ.

ఆ రోజున

ఇంటికి ఫోన్ చేయడంలోనూ తేడా ఉంది. ఇంట్లో అందరూ వరుసగా ఫోన్ అందుకుని "తిన్నావా, బాగున్నావా" అని అడిగి పెట్టేసే కాల్ తర్వాత గది ఇంకా నిశ్శబ్దంగా అనిపిస్తుంది. దానికి బదులు అమ్మ వంట చేస్తున్నప్పుడు ఫోన్‌ను వంటింటి గట్టు మీద ఆనించి పెట్టమనొచ్చు. ఇక్కడ ఇతను ఉల్లిపాయలు తరుగుతుంటే అక్కడ ఆమె మసాలా వేయిస్తుంటుంది. మాటలు తక్కువైనా ఫరవాలేదు. ప్రార్థనకు వెళ్లేటప్పుడు తమ్ముడి జేబులో వీడియో ఆన్‌లో ఉంటే చాలు. కలిసి మాట్లాడటం కంటే కలిసి ఏదైనా చేయడం దూరాన్ని ఎక్కువ తగ్గిస్తుంది.

ఆ కాల్‌లో అబద్ధం చెప్పాల్సిన పని కూడా లేదు. "ఇవాళ మీరంతా బాగా గుర్తొస్తున్నారు" అన్న ఒక్క మాటతో ఇంట్లోవాళ్లు కుంగిపోరు. బిర్యానీ తిన్నానని చెబితే మాత్రం ఆ తర్వాత దిగులు చెప్పుకునే దారి మూసుకుపోతుంది.

అన్నిటికంటే బాగా పనిచేసేది మరొకటి ఉంది: అతిథిగా పిలుపు కోసం చూడకుండా, తానే పిలవడం. ఒక కిలో చికెన్, బియ్యం, ఒక కేకు. మెస్‌లో పక్క మంచం గంజాం కుర్రాడిని, కింది గది బిహారీ దంపతులను కూర్చోబెట్టి, "మా ఊళ్లో ఇవాళ పండగ" అని చెప్పడం. అప్పుడు ఎదురుచూసేవాడు తానే అవుతాడు, రావాల్సినవాళ్లు ఉంటారు. వాళ్లకు క్రిస్మస్ గురించి తెలియకపోవచ్చు. సొంతూరికి దూరంగా పండగ గడపడమంటే ఏమిటో మాత్రం బాగా తెలుసు.

పరిచయం లేనివాళ్లతో మాటలు కలపడం ఇబ్బందిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. షికాగోలో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, రైల్లో పక్కవాళ్లతో మాట్లాడమని కొందరికి, మౌనంగా ఉండమని కొందరికి చెప్పారు. మౌనమే హాయి అని ప్రయాణికులు ముందు అనుకున్నారు. ప్రయాణం హాయిగా సాగిందని చెప్పింది మాత్రం మాట్లాడినవాళ్లు.

చేయకూడనివీ రెండున్నాయి. దుప్పటి కప్పుకుని అందరి పండగ ఫొటోలు గంటల తరబడి జరుపుతూ పోవడం ఒకటి. ఆ ఫొటోల్లో ప్రతి ఇల్లూ సంబరంగానే కనిపిస్తుంది, అక్కడి గొడవలూ అప్పులూ కనిపించవు. రెండోది మందు. గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది కాబట్టి దొంగచాటుగా దొరికేది ఏమిటో కూడా తెలియదు. 2022 జూలైలో బోటాద్, అహ్మదాబాద్ జిల్లాల్లో కల్తీ మద్యం పదుల ప్రాణాలు తీసింది. అదృష్టం బాగుండి ఏమీ కాకపోయినా, మత్తు దిగాక దిగులు రెట్టింపవుతుంది.

ఇవేమీ వద్దనిపిస్తే, ఒంటరిగానే ఉండి స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, నచ్చిన వంట చేసుకుని, ఫోన్‌లో కీర్తనలు పెట్టుకుని నిద్రపోవడం కూడా పండగే. తానే ఎంచుకుంటే అది ఏకాంతం.

ఊళ్లో ఉన్నవాళ్లు, పక్క గదివాళ్లు

ఈ విషయంలో ఇంటివాళ్ల పాత్ర తక్కువేం కాదు. "అందరి పిల్లలూ వచ్చారు, నువ్వే రాలేదు" అన్న మాట ప్రేమతోనే వస్తుంది. విన్నవాడికి మాత్రం నేరం చేసినట్టు ఉంటుంది. దానికి బదులు "నీ అరిసెలు డబ్బాలో పెట్టి ఉంచాను, వచ్చే నెల ఫలానా అబ్బాయి సూరత్ వస్తున్నాడు, పంపిస్తా" అంటే, దూరంగా ఉన్నా ఇంట్లో తన చోటు తనకే ఉందని అతనికి తెలుస్తుంది.

పక్కనున్నవాళ్లు పిలవాలనుకుంటే సరిగ్గా పిలవాలి. "ఎప్పుడైనా ఇంటికి రా" అనేది మర్యాద. "బుధవారం రాత్రి ఎనిమిదింటికి రా, నీకూ కలిపి వండుతున్నాం" అనేది పిలుపు. మొదటిదానికి ఎవరూ రారు. రెండోదానికి రాకపోతే తన వంతు అన్నం మిగిలిపోతుందని వస్తారు. ఊళ్లో ఉన్న తెలుగు కుటుంబాలు, ఏ మతం వారైనా, ఆ రోజు ఒక తెలుగు మాట, ఒక పచ్చడి ముద్ద పంచితే అదీ చిన్న సాయం కాదు.

దిగులు పండగతో పోకపోతే

పండగ దిగులు సాధారణంగా కొన్ని రోజుల్లో తగ్గుతుంది. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, పని మీద మనసు నిలవకపోవడం, రోజూ తాగాలనిపించడం, బతకడం దండగ అనిపించడం లాంటివి ఉంటే అది ఒట్టి ఒంటరితనం కాకపోవచ్చు. అప్పుడు డాక్టర్ సాయం కావాలి.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. దేశంలో ఎక్కడి నుంచి చేసినా భాష ఎంచుకునే వీలుంది, అందులో తెలుగూ ఉంది. ప్రాణాపాయం అనిపిస్తే 112కి చేయాలి. తోటి కార్మికుడి మాటల్లో చావు ప్రస్తావన వస్తే నవ్వి వదిలేయకుండా, నేరుగా అడగడం, ఆ రాత్రి ఒంటరిగా వదలకపోవడం, ఆ నంబరుకు పక్కన కూర్చుని ఫోన్ చేయించడం అవసరం. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు.

క్రిస్మస్ రాత్రి పల్సానాలో మిల్లులు ఆగకపోవచ్చు, నవజీవన్ కూడా ఎప్పటిలాగే వెళ్లిపోవచ్చు. ఒక్క మనిషి తలచుకుని వాటిని మార్చలేడు. కానీ ఆ రాత్రి ఎనిమిదింటికి తన కోసం చూసే మనిషి ఒకరు, తాను చూసే మనిషి ఒకరు ఉండేలా చేసుకోవడం అతని చేతిలో పనే. దానికి వారం ముందు రెండు ఫోన్లు, ఒక బద్లీ, ఒక కిలో చికెన్ సరిపోతాయి.